ఫ్రియులి వెనీసియా జూలియాలో ఏం తినాలి, ఏ వైను ఎంచుకోవాలి

ఇటలీ పటంలో ఈశాన్య మూలన, ఆస్ట్రియాకూ స్లోవేనియాకూ ఏడ్రియాటిక్ సముద్రానికీ నడుమ ఉన్న ప్రాంతం ఫ్రియులి వెనీసియా జూలియా. ఇక్కడి ఇళ్లలో ఇటాలియన్‌తో పాటు ఫ్రియులియన్, స్లోవేన్, జర్మన్ భాషలు కూడా వినిపిస్తాయి. రాజధాని ట్రియెస్టె 1382 నుంచి 1918 వరకు ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం నీడలో ఉండగా, పడమటి వైపున్న ఫ్రియులి మైదానం 1420లో వెనిస్ గణరాజ్యం చేతికి వెళ్లింది. ఇటలీకీ అప్పటి యుగోస్లావియాకూ మధ్య గొరీజియా పట్టణం అంచున సరిహద్దు గీసింది 1947లో. ఇక్కడి వంటకాలలో ఎక్కువ భాగం ఆ గీతకన్నా వయసులో పెద్దవి కాబట్టి, అటు ఇటు ఒకే పులుసు, ఒకే రొట్టె, ఒకే ద్రాక్ష కొన్నిసార్లు వేర్వేరు పేర్లతో దొరుకుతాయి.

ఇటలీ అనగానే టమాటా సాసు, పాస్తా, ఆలివ్ నూనె అనుకుని వచ్చేవారు ఇక్కడ చాలా పోగొట్టుకుంటారు. ఇది వెన్న, పంది కొవ్వు, మొక్కజొన్న పిండితో చేసే పొలెంటా, పులియబెట్టిన కూరగాయలు, పొగబెట్టిన మాంసం, ముల్లంగి జాతి దుంపైన క్రెన్ ఘాటు రాజ్యమేలే చోటు. వచ్చేవారికి నేను చెప్పగలిగిన ముఖ్యమైన సలహా ఒక్కటే. మీరు ఏ నేల మీద కూర్చున్నారో చూసుకోండి, ఆ నేల వంటను ఆ నేల వైనుతోనే అడగండి. ప్రాంతం మొత్తం వైశాల్యం దాదాపు 7,900 చదరపు కిలోమీటర్లే అయినా అందులో ఆల్ప్స్ కొండలు, ద్రాక్షతోటల గుట్టలు, గులకరాళ్ల మైదానం, సున్నపురాతి పీఠభూమి, ఉప్పుకయ్యలు అన్నీ ఉన్నాయి. కొండ మీద చేపనూ, సముద్రపు ఒడ్డున పొగబెట్టిన జున్నునూ అడగవలసిన అవసరం ఎక్కడా రాదు.

కొండల నుంచి మొదలుపెట్టండి

ఉత్తరాన ఉన్న కార్నియా లోయలలో తప్పక రుచి చూడవలసినది చార్సోన్స్. ఇది కూరిన పాస్తాయే గానీ, లోపలి కూర లోయ లోయకూ, ఇంటింటికీ మారుతుంది. ఒకచోట బంగాళాదుంప, పుదీనా, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క ఉంటే, ఇంకొకచోట ఆకుకూరలు, కోకో, నిమ్మతొక్క ఉంటాయి. పైన కరిగించిన వెన్న పోసి, పొగబెట్టిన రికొట్టా జున్నును తురిమి చల్లుతారు. తీపి, ఉప్పు, పొగ వాసన మూడూ ఒకే ముద్దలో తగలడం మొదటిసారి తినేవారికి కొత్తగా ఉంటుంది. కాబట్టి దీనిని భోజనం మొదట్లో, నాలుక తాజాగా ఉన్నప్పుడే తినాలి. అదే కొండలలోని సౌరిస్ అనే ఊరు జర్మన్ మాండలికం మాట్లాడే ఊరు. అక్కడి పంది తొడను బీచ్ అనే చెట్టు కట్టెల పొగలో ఉంచి ఆరబెడతారు. పొగ తగలని సాన్ దానియేలె తొడను ఆ తర్వాత రుచి చూస్తే రెండు సంప్రదాయాల మధ్య తేడా మాటల అవసరం లేకుండా తెలిసిపోతుంది.

సాన్ దానియేలె అనేది తాల్యమెంతో నదికి దగ్గరగా ఉన్న చిన్న పట్టణం. ఆల్ప్స్ నుంచి దిగే చల్లగాలీ, ఏడ్రియాటిక్ నుంచి వచ్చే తేమగాలీ అక్కడ కలుస్తాయి, మాంసం నెమ్మదిగా ఆరడానికి ఆ వాతావరణమే ఆధారం. పంది తొడకు సముద్రపు ఉప్పు తప్ప మరేదీ కలపరు. తొడ ఎన్ని కిలోల బరువుంటే సుమారు అన్ని రోజులు ఉప్పులో ఉంచుతారు. తర్వాత ఒత్తి, ఆరబెట్టి, కనీసం 13 నెలలు మాగనిస్తారు. గిట్టను తీయకుండా అలాగే ఉంచుతారు కాబట్టి, గిటారు ఆకారంలో ఉన్న ఆ తొడను దుకాణంలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. వడ్డించినప్పుడు అంచున ఉన్న తెల్లని కొవ్వును పక్కకు నెట్టకండి, తీపిదనమంతా అందులోనే ఉంటుంది. ముక్కలు కాగితమంత పల్చగా, అప్పటికప్పుడు కోసినవై ఉండాలి. ముందే కోసి ఉంచిన పళ్లెం అయితే అంచులు ఎండి ముదురు రంగుకు తిరుగుతాయి, అటువంటిది అంగీకరించనవసరం లేదు.

ఫ్రికోను ఇంట్లో చేసుకునే విధానం

ఈ ప్రాంతపు వంటలలో ఇంటికి తీసుకువెళ్లదగినది ఏదని అడిగితే నేను ఫ్రికో పేరే చెబుతాను. కావలసినవి మూడే: మొంటాసియో జున్ను, బంగాళాదుంపలు, ఒక ఉల్లిపాయ. నలుగురికి అరకిలో జున్ను, అరకిలో దుంపలు సరిపోతాయి. మొంటాసియో రెండు నెలల వయసు నుంచి అమ్మకానికి వస్తుంది, అయిదు నెలలు దాటినదాన్ని మధ్యరకంగా, పది నెలలు దాటినదాన్ని మాగినదిగా లెక్కిస్తారు. లేత జున్ను సాగుతుంది గానీ రుచి తక్కువ. బాగా మాగినది రుచిగా ఉన్నా సరిగ్గా కరగక నూనె వదిలేస్తుంది. అందువల్ల రెండింట్లో ఏ ఒక్కదానితోనో చేయకుండా, సగం లేతది, సగం మధ్యరకం కలిపి తురుముకోవడం మంచిది.

అడుగు మందంగా ఉన్న పెనంలో కొద్దిగా వెన్న వేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను రంగు మారకుండా మెత్తబడేంతవరకు వేయించాలి. తర్వాత పచ్చి దుంపల తురుము వేసి, చిటికెడు ఉప్పు మాత్రమే చల్లి, రెండు మూడు చెంచాల నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద ఇరవై నిమిషాల వరకు మగ్గనివ్వాలి. దుంప పూర్తిగా ఉడికి, చెక్క గరిటెతో నొక్కితే మెదిగిపోవాలి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. దుంప పలుకుగా ఉండగానే జున్ను వేస్తే రెండూ కలవవు, ముద్ద కట్టవు. మెత్తబడిన తర్వాతే జున్ను తురుము వేసి, తీగలు సాగేంతవరకు కలియబెట్టి, పెనం నిండా రొట్టెలా పరిచి, గరిటె వెనుకవైపుతో అదిమి, ఇక కదపకుండా వదిలేయాలి.

ఆ తర్వాత చెవి పెట్టి వినాలి. మొదట బుడబుడమనే చప్పుడు వస్తుంది, అది దుంపలోని తడి పోతున్న చప్పుడు. కాసేపటికి అది చిటపటగా మారి, అంచుల వెంబడి పసుపుపచ్చని నెయ్యిలాంటి కొవ్వు తేలి, అంచు బంగారురంగుకు తిరుగుతుంది. పెనాన్ని ఊపితే రొట్టె మొత్తం ఒకే బిళ్లలా జారాలి. అప్పుడు పైకి తేలిన కొవ్వును జాగ్రత్తగా వంచేసి, వెడల్పు పళ్లెం బోర్లించి, రొట్టెను తిప్పి, రెండోవైపు కూడా అదే రంగు వచ్చేంతవరకు ఉంచాలి. పైపొర కరకరలాడుతూ, లోపల వెన్నలా ఉండాలి. ముక్కలుగా కోసి పొలెంటాతో వడ్డించండి. దుంప లేకుండా జున్ను ఒక్కదానితో అప్పడంలా చేసే కరకర ఫ్రికో కూడా ఉంది, అది వైను పక్కన నంజుకోవడానికి మాత్రమే పనికివస్తుంది.

దీనికి తోడుగా ఫ్రియులానో అనే తెల్లవైను పోయండి. ఒకప్పుడు దీన్ని తొకాయ్ అని పిలిచేవారు. హంగరీతో నడిచిన పేరు వివాదం వల్ల 2007 నుంచి ఆ మాట సీసా మీద వేయడానికి వీల్లేకుండా పోయింది. చివర్లో పచ్చి బాదంపప్పు లాంటి చిరుచేదు వదిలే ఈ వైను జున్ను కొవ్వును నాలుక మీద నుంచి తుడిచేస్తుంది. సాన్ దానియేలె తొడకు కూడా దీనికన్నా మంచి జోడీ ఇక్కడ లేదు.

సీసా మీది పేర్లను చదవడం

వైను జాబితా చేతికి రాగానే ద్రాక్ష పేరుకన్నా ముందు ప్రాంతం పేరు చూడండి. కొల్లియో, ఫ్రియులి కొల్లి ఓరియెంటాలి అనేవి స్లోవేనియా సరిహద్దును ఆనుకున్న గుట్టలు. అక్కడి నేలను స్థానికులు పోంకా అంటారు. సున్నపు మట్టీ ఇసుకరాయీ పొరలుపొరలుగా పేరుకున్న ఆ నేల చేతిలో పట్టుకుని నలిపితే పలకలుగా విడిపోతుంది, వానకు, ఎండకు పొడి అవుతుంది. ఈ ప్రాంతపు గొప్ప తెల్లవైనులు ఎక్కువగా ఈ గుట్టలవే. ఫ్రియులి గ్రావే అని ఉంటే అది నదులు తెచ్చిపోసిన గులకరాళ్ల మైదానం, రోజువారీ తాగడానికి తేలికైన వైనులు అక్కడ దొరుకుతాయి. కార్సో అంటే ట్రియెస్టె వెనుక ఉన్న సున్నపురాతి పీఠభూమి.

గుట్టల వైనులలో రిబోల్లా జాల్లాను రెండు రూపాలలో తాగాలి. ద్రాక్ష తొక్కలు తీసేసి చేసిన మామూలు రిబోల్లా పుల్లగా, సన్నగా ఉండి చేపలకు సరిపోతుంది. గొరీజియా పక్కనే ఉన్న ఒస్లావియా గ్రామంలో మాత్రం అదే ద్రాక్షను తొక్కలతో సహా వారాలు, నెలలు నానబెట్టి కాషాయరంగు వైను చేస్తారు. అక్కడి వైను తయారీదారు యోస్కో గ్రావ్నర్ 2001 పంట నుంచి జార్జియా దేశపు పెద్ద మట్టి కుండలను నేలలో పాతి అందులో వైను పులియబెట్టడం మొదలుపెట్టగా, అదే ఊరికి చెందిన స్టాంకో రాదికోన్ చెక్క పీపాలలో తనదైన దారిలో సాగారు. ప్రపంచమంతటా ఇప్పుడు కనిపిస్తున్న కాషాయ వైనుల మోజుకు ఈ చిన్న గ్రామం చాలావరకు కారణం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగుల కింద నలిగిన గుట్టలివి, చనిపోయిన సైనికుల అస్థికలు ఉంచిన కట్టడం తోటల మధ్యనే కనిపిస్తుంది.

ఈ వైనును మంచులాగా చల్లబరిస్తే తొక్కల వగరు ఒక్కటే మిగిలి మిగతా రుచులన్నీ మూసుకుపోతాయి. 14 నుంచి 16 డిగ్రీల దగ్గర, వెడల్పు గ్లాసులో పోసి, పావుగంట ఆగి తాగండి. దీనిలో ఎర్రవైనుకు ఉండే పట్టు ఉంటుంది కాబట్టి పుట్టగొడుగులు, కాల్చిన కోడిమాంసం, మాగిన జున్నుల పక్కన పెట్టవచ్చు. ఒంటరిగా ఒక గ్లాసు తాగి నచ్చలేదని పక్కన పెట్టేయడం దానికి అన్యాయం చేయడమే, భోజనంతో మళ్లీ ప్రయత్నించండి.

ఎర్రవైనులలో స్కియోప్పెత్తీనో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మిరియాల వాసన స్పష్టంగా వచ్చే ఈ ద్రాక్ష దాదాపు కనుమరుగై, 1970లలో కొల్లి ఓరియెంటాలిలోని ప్రెపొట్టో పరిసరాల రైతుల పట్టుదల వల్ల తిరిగి నిలబడింది. అయితే కార్సో మీద కూడా ప్రెపొట్టో అనే మరో ఊరుంది, అక్కడ రాతిని తొలిచి కట్టిన వైను నేలమాళిగలు ఉన్నాయి. వాహనంలో చిరునామా పెట్టుకునేటప్పుడు ఏ ప్రెపొట్టోయో సరిచూసుకోండి. తీపి వైనులలో పికోలిత్ ఖరీదైనది. దాని పూలలో చాలావరకు గింజ కట్టకుండానే రాలిపోతాయి, గుత్తికి కొద్ది ద్రాక్షలే మిగులుతాయి, ధరకు కారణం అదే. అంత ఖర్చు పెట్టలేనివారు రమాందోలో అడగండి.

పులుపు వంటలు, తెర్రానో

యోటా అనే పులుసు ట్రియెస్టె, గొరీజియా, కార్సోల ఉమ్మడి ఆస్తి, సరిహద్దుకు అటువైపు స్లోవేనియాలోనూ ఇదే పేరుతో వండుతారు. చిక్కుడు జాతి గింజలు, బంగాళాదుంపలు, పొగబెట్టిన పంది పక్కటెముక, పులియబెట్టిన క్యాబేజీ ఇందులో ఉంటాయి. వండేవారు గుర్తుంచుకోవలసినది ఒకటే. క్యాబేజీని మొదట్లోనే గింజలతో కలిపి ఉడికించకూడదు, పులుపు తగిలితే గింజలూ దుంపలూ ఎంతసేపటికీ మెత్తబడవు. క్యాబేజీని వేరే గిన్నెలో వెల్లుల్లి, బిర్యానీ ఆకు, కొద్దిగా జీలకర్ర వేసి మగ్గబెట్టుకుని, గింజలూ దుంపలూ ఉడికి సగం మెదిపిన తర్వాతే కలపాలి. ఆ రోజే తినకుండా మర్నాటికి ఉంచితే చిక్కబడి రుచి కుదురుతుంది. ఫ్రియులి మైదానంలో ఇదే పులుపును బ్రొవాదాలో చూస్తారు. తెల్ల టర్నిప్ దుంపలను ద్రాక్ష పిప్పిలో నెలరోజులకు పైగా పులియబెట్టి, తురిమి, ముసెట్టో అనే జిగురైన పంది సాసేజితో కలిపి వడ్డిస్తారు. ఇది చలికాలపు తిండి.

ఈ రెండింటికీ తెర్రానో తప్ప మరొకటి అడగకండి. కార్సో మీది ఇనుము పాళ్లు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిలో పండే ఈ వైను ఊదారంగులో, పదునైన పులుపుతో ఉంటుంది. విడిగా తాగితే గట్టిగా తోచినా, పంది కొవ్వు పక్కన చేరగానే ఆ పులుపే అవసరమని తెలుస్తుంది.

ఒస్మీజాను వెతకడం

కార్సో గ్రామాలలో రైతులు తమ ఇంటి ముంగిట తామే చేసిన వైను, తామే పెంచిన పందుల మాంసం అమ్మే చోటును ఒస్మీజా అంటారు. రైతులు సొంత ఉత్పత్తులను ఇంటి దగ్గరే అమ్ముకోవచ్చని 1784లో చక్రవర్తి రెండవ యోసెఫ్ ఇచ్చిన ఉత్తర్వు దీనికి మూలం. ఇవి ఏడాది పొడవునా తెరిచి ఉండవు, ఒక్కో ఇల్లు ఏడాదిలో కొన్ని విడతలుగా కొద్ది రోజులు మాత్రమే తెరుస్తుంది. అందువల్ల బయలుదేరేముందు ఆ వారం ఎవరు తెరిచారో మీ బసలో గానీ ట్రియెస్టె కాఫీ దుకాణంలో గానీ అడగండి. దారిలో కూడలి దగ్గర ఐవీ తీగ కొమ్మను కట్టిన ఎర్రని చెక్క బాణం కనిపిస్తే ఆ వైపు తిరగండి. ఆ బాణాలను వెంబడిస్తూ పోతే చివరికి ఎవరిదో ఇంటి పెరడు వస్తుంది.

అక్కడ రెస్టారెంటు మర్యాదలు వెతకవద్దు. సాధారణంగా కౌంటరు దగ్గరకు మీరే వెళ్లి చెప్పి, డబ్బు కట్టి, పళ్లెం మీరే తెచ్చుకోవాలి. డబ్బు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోవడం మంచిది. వేడి వంటలేవీ ఉండవు. పొడవాటి చెక్కబల్ల మీద ఆరిన పంది తొడ ముక్కలు, సలామీ, జున్ను, ఉడికించిన గుడ్లు, ఊరగాయలు, రొట్టె వస్తాయి, పక్కన అరలీటరు కూజాలో మల్వసీయా, విటోవ్‌స్కా అనే తెల్లవైనులలో ఒకటి గానీ తెర్రానో గానీ ఉంటుంది. పక్క బల్లవారు స్లోవేన్‌లో, ఎదుటివారు ట్రియెస్టె మాండలికంలో మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ ప్రాంతం గురించి ఒక్క పూటలో తెలుసుకోవాలంటే నేను ఏ మ్యూజియానికీ పంపను, ఇక్కడికే పంపుతాను. వైను తాగి కారు నడపవలసిన స్థితి రాకుండా ముందే ఏర్పాటు చేసుకోండి. ఇటలీలో అనుమతించిన పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలే.

ట్రియెస్టెలో అడగవలసిన తీరు

ట్రియెస్టె 1719లో స్వేచ్ఛా నౌకాశ్రయం అయింది, కాఫీ గింజల వ్యాపారం ఆ తర్వాత ఊరి వృత్తిగా మారింది. ఇక్కడ కాఫీ పేర్లు మిగతా ఇటలీకి భిన్నం. ఎస్ప్రెసో కావాలంటే నేరో అనాలి. కొద్దిగా పాలనురుగు కలిసిన చిన్న కాఫీ కావాలంటే కాపో, అదే గాజుగ్లాసులో కావాలంటే కాపో ఇన్ బి అనాలి. ఊరివారు ఎక్కువగా అడిగేది ఈ చివరిదే. 1914లో మొదలైన కఫే సాన్ మార్కోలో కూర్చుని తాగితే ఆ కాలపు గోడచిత్రాలు, పాలరాతి బల్లలు కూడా చూడవచ్చు.

మధ్యాహ్నానికి ముందు బఫే అని పిలిచే చిన్న తినుబండారశాలలలో ఏదో ఒకదానికి వెళ్లండి. మనకు తెలిసిన బఫే, అంటే ఎవరికి వారు వడ్డించుకునే భోజనం, ఇది కాదు. కౌంటరు వెనుక ఆవిరి కక్కే పెద్ద కాగులో పంది మెడ, నాలుక, రకరకాల సాసేజులు ఉడుకుతూ ఉంటాయి. కలిపిన పళ్లెం అడిగితే అన్నిటిలో కాస్త కోసి, పులియబెట్టిన క్యాబేజీ, ఆవపిండి ముద్ద పక్కన పెట్టి, పైన తాజా క్రెన్ తురుము చల్లి ఇస్తారు. క్రెన్ ముక్కులోకి ఎక్కుతుంది, మొదట కొద్దిగానే తీసుకోండి. రొట్టె పిండిలో చుట్టి కాల్చి, చేత్తో మందంగా కోసే వండిన పంది తొడ కూడా ఇక్కడే దొరుకుతుంది. పంది తినని వారికి దారి లేకపోలేదు. రేగు జాతి ప్లమ్ పండును లోపల పెట్టి ఉడికించి, వెన్నలో వేయించిన రొట్టెపొడి, దాల్చినచెక్క, చక్కెరతో వడ్డించే దుంప ముద్దలను అడగండి. వాటిని ఇక్కడ మొదటి వంటకంగా, అంటే పాస్తా స్థానంలో తింటారు. యోటా, బ్రొవాదాలను మాత్రం మాంసం లేనివని అనుకోవద్దు, అడిగి నిర్ధారించుకోండి.

చేప కోసం పడమటి ఉప్పుకయ్య మధ్యనున్న గ్రాదో పట్టణానికి వెళ్లాలి. అక్కడి బొరేతో అనే చేపకూరలో టమాటా ఉండదు. నూనెలో వెల్లుల్లిని నల్లబడేదాకా వేయించి తీసేసి, చేప ముక్కలు, వెనిగరు, దండిగా మిరియాలపొడి వేసి దగ్గరగా ఉడికిస్తారు, తెల్ల పొలెంటాతో తింటారు. దీనికి మల్వసీయా పోయించుకోండి.

మిఠాయి విషయానికి వస్తే, చివిదాలే పట్టణానికి తూర్పున ఉన్న నతిసోనే లోయల గుబానాకే నా ఓటు. వాల్‌నట్లు, ఎండుద్రాక్ష, పైన్ గింజలు కూరి నత్తగుల్లలా చుట్టి కాల్చిన ఈ రొట్టె మీద కొద్దిగా ప్లమ్ పండ్ల సారాయి చిలకరించి ఇస్తారు. ట్రియెస్టె దుకాణాలలో కనిపించే ప్రెస్నిట్స్, పుతిజ్జా దీనికి దగ్గరి చుట్టాలు.

ఎప్పుడు వెళ్లాలి

వసంతంలో తవన్యాక్కో తెల్ల ఆస్పరాగస్, రిజోట్టో అనే అన్నపు వంటకంలో వేసే స్క్లోపిత్ ఆకు దొరుకుతాయి. చలికాలంలో బ్రొవాదాతో పాటు గులాబీ పువ్వులా విచ్చుకునే గొరీజియా రడిక్కియో అనే చేదు ఆకుకూర వస్తుంది, పొలాలలో మంచు తగిలిన తర్వాతే దాని చేదు తగ్గి తీపి పుడుతుంది. ద్రాక్ష కోతలు ముగిసే అక్టోబరు ఈ ప్రాంతానికి అత్యుత్తమ నెల అయినా, ఆ నెల రెండో ఆదివారం ట్రియెస్టెలో బార్కొలానా తెరచాప పడవల పోటీ జరుగుతుంది, ఊళ్లో గదులు దొరకవు. ఆ వారం వచ్చేవారు బస నెలల ముందే ఖాయం చేసుకోవాలి, లేదా గొరీజియాలో ఉండాలి. గొరీజియా నుంచి స్లోవేనియాలోని నోవా గొరీత్సాకు నడుచుకుంటూనే వెళ్లవచ్చు, రెండుచోట్లా చెల్లేది యూరోయే. నోవా గొరీత్సా రైల్వే స్టేషను ముందున్న చౌకులో ఒకప్పటి కంచె స్థానంలో నేల మీద ఒక లోహపు బిళ్ల మాత్రమే ఉంది. అయినా 2023 అక్టోబరు నుంచి ఇటలీ ఆ సరిహద్దులో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది కాబట్టి, అటువైపు గుట్టలలోని రిబోల్లాను రెబులా పేరుతో రుచి చూడటానికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి.